కాలి రక్తనాళంలో బ్లాక్: నడకా, బెలూనా, బైపాసా?

రక్తం ఎలా పారుతుందో చూసే డాప్లర్ స్కాన్ రిపోర్టులో తొడ ధమనిలో బ్లాక్ అని కనబడగానే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న, స్టెంట్ ఎప్పుడు వేయించాలని. గుండె గురించి విన్నవన్నీ కాలికీ వర్తిస్తాయనుకుంటాం. సగం వర్తిస్తాయి, సగం వర్తించవు. కాలి బ్లాక్‌కి ముఖ్యంగా మూడు దారులున్నాయి. మందులతో పాటు నడక ఒకటి, ధమనిని లోపలి నుంచి తెరిచే బెలూన్ లేదా స్టెంట్ రెండోది, బ్లాక్‌ని దాటించి కొత్త దారి వేసే బైపాస్ ఆపరేషన్ మూడోది. వీటిలో ఏది మంచిదని అడిగితే ఏ డాక్టరూ సూటిగా చెప్పలేడు. ఏ కాలికి ఏది మంచిదని అడగాలి.

కొంత దూరం నడిచాక పిక్క పట్టేసి, రెండు నిమిషాలు ఆగితే వదిలేసే కాలు ఒక రకం. రాత్రి పడుకున్నా మంట పుట్టి, మంచం మీంచి కిందికి వేలాడేస్తే గానీ నెమ్మదించని కాలు, వేలి మీద పుండు వారాలైనా మానని కాలు ఇంకో రకం. రెండింటికీ స్కానింగ్ రిపోర్టులో ఒకేలాంటి మాటలు ఉండొచ్చు. వైద్యం మాత్రం వేరు. మొదటి రకం కాలికి తొందరపడి స్టెంట్ వేయించడం, రెండో రకం కాలికి నెలల తరబడి డ్రెస్సింగ్‌తో సరిపెట్టడం, రెండూ మన చుట్టూ జరుగుతున్నవే. రెండో తప్పుకి మూల్యం చాలా ఎక్కువ.

ముందు అసలు బ్లాకేనా?

నడిస్తే కాలు నొప్పి అనగానే మనవాళ్లు ఎముకల డాక్టర్ దగ్గరికి వెళతారు. తప్పు లేదు, వెన్నుపూస దగ్గర నరం నొక్కుకున్నా నడిస్తే కాళ్లు లాగుతాయి. తేడా కనిపెట్టడానికి ఒక తేలిక గుర్తుంది. రక్తం చాలక వచ్చే నొప్పి నిలబడితే చాలు, తగ్గిపోతుంది. వెన్ను వల్ల వచ్చేది నిలబడితే తగ్గదు, కూర్చోవాలి లేదా ముందుకు వంగాలి. సూపర్‌మార్కెట్‌లో ట్రాలీ మీదకి వంగి నడుస్తుంటే హాయిగా ఉండి, మామూలుగా నడిస్తే నొప్పి వస్తుందంటే వెన్నునే ఎక్కువగా అనుమానించాలి.

బ్లాక్ ఉందో లేదో చెప్పే మొదటి పరీక్ష చాలా చవకది. చీలమండ దగ్గర బీపీ చూసి, దాన్ని చేతి బీపీతో భాగిస్తారు. ఏబీఐ అంటారు. 0.90 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే కాలికి రక్తం సరిగా అందడం లేదన్నమాట. షుగర్ ఉన్నవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే చీలమండ దగ్గరి ధమనుల గోడల్లో కాల్షియం పేరుకుని గట్టిపడతాయి. బీపీ పట్టీ వాటిని నొక్కలేదు. దాంతో లోపల బ్లాక్ ఉన్నా రీడింగ్ మామూలుగానో, 1.40 దాటిపోయో వస్తుంది. అలాంటప్పుడు కాలి బొటనవేలి దగ్గర ప్రెషర్ చూడాలి. ఏబీఐ నార్మల్ అని చెప్పి పుండు ఉన్న షుగర్ పేషెంట్‌ని ఇంటికి పంపేస్తుంటే, వేలి ప్రెషర్ చూశారా అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న కాలిని కాపాడొచ్చు.

షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి నడిస్తే వచ్చే నొప్పి కూడా తెలియదు, నరాల స్పర్శ తగ్గి ఉంటుంది కాబట్టి. మొదట కనబడేది పుండే. మండుటెండలో గుడి ప్రదక్షిణలు చేసి బొబ్బలెక్కినా రాత్రి దాకా తెలియనివాళ్లు ఉంటారు.

ఇంకో రెండు జాగ్రత్తలు. కాలు చల్లగా ఉందని వేడినీళ్ల కాపడం పెట్టకండి, రక్తం చాలని చర్మం తొందరగా కాలిపోతుంది. వెరికోస్ వెయిన్స్ అనుకుని బిగుతు సాక్సులు సొంతంగా కొని తొడుక్కోకండి. వెరికోస్ అంటే రక్తాన్ని వెనక్కి తీసుకెళ్లే సిరల జబ్బు, బ్లాక్ అంటే రక్తాన్ని కాలికి తెచ్చే ధమనుల జబ్బు. ధమనిలో బ్లాక్ బాగా ఉన్న కాలికి ఆ సాక్సులు ఉన్న కాస్త రక్తాన్నీ ఆపేస్తాయి.

నడిస్తే మాత్రమే నొప్పి వచ్చే కాలు

ఇక్కడ భయం చాలామందిలో అవసరానికి మించి ఉంటుంది. ఇప్పుడు స్టెంట్ వేయకపోతే రేపు కాలు తీసేయాలేమో అని. ఈ దశలో ఉన్నవాళ్లలో ఐదేళ్లలో కాలు కోల్పోయేది నూటికి ఐదుగురి లోపే. పొగ మానకపోతే, షుగర్ అదుపులో లేకపోతే ఆ ముప్పు పెరుగుతుంది. అసలు ప్రమాదం గుండెకి, మెదడుకి. కాలి ధమనిలో కొవ్వు పేరుకున్న మనిషికి గుండె ధమనుల్లోనూ పేరుకుని ఉండే అవకాశం బాగా ఎక్కువ. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ ఊళ్లో 1948లో మొదలై తరతరాలుగా సాగుతున్న అధ్యయనం పొగ, బీపీ, కొలెస్ట్రాల్, షుగర్ ఈ జబ్బుకి ఎలా దారితీస్తాయో లోకానికి చూపించింది. కాలికి స్టెంట్ వేస్తే ఆ ఒక్క చోట దారి తెరుచుకుంటుంది. మిగతా ఒంట్లో జరిగేది జరుగుతూనే ఉంటుంది.

అందుకే ఏ దారి ఎంచుకున్నా కొన్ని మందులు తప్పవు. కొలెస్ట్రాల్‌కి స్టాటిన్, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్, బీపీ, షుగర్ మాత్రలు. స్టాటిన్ వేసుకుంటే కండరాల నొప్పులు వస్తాయని వాట్సాప్‌లో చదివి మానేసేవాళ్లు ఎక్కువైపోయారు. నొప్పులొస్తే డాక్టర్‌కి చెప్పి డోస్ గానీ మందు గానీ మార్పించుకోవచ్చు, సొంతంగా ఆపేయొద్దు. 2017లో వచ్చిన కంపాస్ అనే పెద్ద పరిశోధనలో ఆస్పిరిన్‌కి తోడు రక్తం గడ్డకట్టకుండా చూసే రివరాక్సబాన్ అనే మందు 2.5 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు ఇస్తే గుండెపోటు, పక్షవాతంతో పాటు కాలికి వచ్చే పెద్ద ముప్పులు కూడా తగ్గాయి. రక్తస్రావాలు మాత్రం పెరిగాయి. కడుపులో అల్సర్ ఉన్నవాళ్లు, ఇంతకుముందు బ్రెయిన్‌లో రక్తస్రావం అయినవాళ్లు ఈ సంగతి దాచకుండా చెప్పాలి.

ఇక నడక. డాక్టర్ నడవమన్నాడంటే మందు రాయడం చేతకాక అన్నట్టు చూస్తాం. కానీ ఈ జబ్బుకి నడక అసలు వైద్యమే, పరిశోధనల్లో స్టెంట్‌తో పోటీపెట్టి చూసిన వైద్యం. 2012లో ఫలితాలు వచ్చిన క్లెవర్ అనే అధ్యయనంలో, కడుపు కింది పెద్ద ధమనుల్లో బ్లాక్ ఉన్న 111 మందిని మూడు దారుల్లో పంపారు. ఆరు నెలల తర్వాత ట్రెడ్‌మిల్ మీద నడవగల సమయం మందులు మాత్రమే వాడినవాళ్లకి సగటున 1.2 నిమిషాలు పెరిగింది, స్టెంట్ వేసినవాళ్లకి 3.7 నిమిషాలు, దగ్గరుండి నడిపించినవాళ్లకి 5.8 నిమిషాలు. స్టెంట్ వేయించుకున్నవాళ్లు తమ జీవితం మరింత మెరుగైందని చెప్పారు, అదీ నిజమే. ఏడాదిన్నర గడిచేసరికి రెండు గుంపులూ దాదాపు సమానమయ్యాయి.

ఎలా నడవాలన్నది ముఖ్యం. వారానికి కనీసం మూడు రోజులు, రోజుకి 30 నుంచి 45 నిమిషాలు, కనీసం 12 వారాలు. పిక్క నొప్పి మొదలవగానే ఆగిపోకూడదు, కాస్త గట్టిగా పట్టేసేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడవాలి. 2021లో వచ్చిన లైట్ అనే అధ్యయనంలో 305 మందిని పరీక్షించారు. నొప్పి వచ్చే వేగంతో ఇంటి దగ్గరే నడిచినవాళ్లు బాగుపడ్డారు. నొప్పి రాకుండా మెల్లగా నడిచినవాళ్లకి అసలు నడవనివాళ్ల కంటే పెద్ద లాభమేమీ రాలేదు. వాకింగ్‌కి వెళ్తున్నాను సార్, అయినా తగ్గలేదు అనేవాళ్లలో చాలామంది చేసేది ఆ రెండో రకం నడకే, మధ్యలో చాయ్ బ్రేక్‌తో సహా. గుండె జబ్బు ఉన్నవాళ్లు ఈ గట్టి నడక మొదలెట్టే ముందు గుండె డాక్టర్‌ని ఒకసారి అడగాలి. కాలికి పుండు ఉంటే ఈ పద్ధతి వద్దు.

మన హైదరాబాద్‌లో ఫుట్‌పాత్‌ల సంగతి తెలిసిందే. మొదట్లో చదునుగా ఉండే నెక్లెస్ రోడ్డు లాంటి చోటు నయం. కేబీఆర్ పార్కు లోపలి దారిలో ఎత్తుపల్లాలున్నాయి, నెల రెండు నెలల తర్వాత అక్కడికి మారితే పిక్కకి పని పెరుగుతుంది. ఎండాకాలంలో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కార్ల మధ్య తిరిగినా ఫలితం అదే. కొందరికి సిలోస్టజాల్ మాత్ర నడిచే దూరాన్ని కొంత పెంచుతుంది, హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లు మాత్రం దాన్ని వేసుకోకూడదు.

మరి బెలూన్ ఎప్పుడు? మందులు సరిగ్గా వాడి, మూడు నుంచి ఆరు నెలలు పద్ధతిగా నడిచినా ఉద్యోగం చేసుకోలేని పరిస్థితి ఉంటే. అప్పుడు కూడా బ్లాక్ ఎక్కడుందన్నది చూడాలి. గజ్జలకి పైన, కటి భాగంలోని ధమనిలో ఉంటే స్టెంట్ చక్కగా పనిచేస్తుంది, ఏళ్ల తరబడి తెరుచుకునే ఉంటుంది. అక్కడైతే నేను పెద్దగా వెనకాడమనను. తొడలో అయితే మళ్లీ మూసుకునే అవకాశం ఎక్కువ. మోకాలి కింద అయితే ఇంకా ఎక్కువ, అందుకే నడక నొప్పి ఒక్కదాని కోసం మోకాలి కింద బెలూన్ చేయించుకోవడం నాకు సమ్మతం కాదు. ముందుముందు కాలు పోకుండా ఇప్పుడే తెరిచేద్దాం అని ఎవరైనా అంటే ఆలోచించాలి. ఆ ఒక్క కారణంతో ఈ దశలో బెలూన్ గానీ ఆపరేషన్ గానీ చేయకూడదని అమెరికా గుండె వైద్య సంఘాల గైడ్‌లైన్లే చెబుతున్నాయి.

పడుకున్నా నొప్పి, మానని పుండు

ఇక్కడ లెక్క తిరగబడుతుంది. నడక, మందులు అంటూ కాలం గడపడానికి వీల్లేదు. రక్తం అందించకపోతే కాలు నిలవదు. ప్రశ్న బెలూనా, బైపాసా అన్నదే.

బైపాస్ ముందు పుట్టింది. 1948లో పారిస్‌లో జాన్ కున్లిన్ అనే సర్జన్ రోగి సొంత సిరనే తీసి, బ్లాక్‌ని దాటించి తొడ నుంచి కిందికి కొత్త దారి వేశాడు. 1964 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 82 ఏళ్ల మహిళ, కుళ్లుతున్న కాలిని తీసేస్తామంటే ససేమిరా ఒప్పుకోలేదు. చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు ఆమె ధమనిలోకి సన్నని గొట్టాలు పంపి దారి వెడల్పు చేశాడు. కాలు నిలిచింది, ఆమె బతికినన్నాళ్లూ సొంత కాళ్ల మీదే నడిచింది. ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ తన బెలూన్‌ని మొదట 1974లో కాలిలోనే వాడాడు, గుండెలోకి 1977లో వెళ్లింది. ఇలా ధమనిని లోపలి నుంచి తెరిచే యాంజియోప్లాస్టీ గుండె కోసం పుట్టి కాలికి వచ్చిందనుకుంటాం గానీ, జరిగింది తలకిందులు.

ఇంత చరిత్ర ఉన్నా రెండింటిలో ఏది మేలన్నది ఇంకా తేలలేదు. తేల్చడానికి చేసిన రెండు పెద్ద అధ్యయనాలు ఎదురుబొదురు జవాబులిచ్చాయి.

2022లో వచ్చిన బెస్ట్-సీఎల్ఐలో 1,830 మంది ఉన్నారు. తొడ లోపలి వైపు పొడవుగా సాగే పెద్ద సఫీనస్ సిర బాగున్నవాళ్లని ఒక గుంపుగా, లేనివాళ్లని ఇంకో గుంపుగా విడదీశారు. సిర బాగున్న గుంపులో మరణం, కాలు తీసేయడం, లేదా మళ్లీ పెద్ద ప్రొసీజర్ అవసరం కావడం, ఈ మూడింట్లో ఏదో ఒకటి బైపాస్‌తో మొదలెట్టినవాళ్లలో 42.6 శాతానికి, బెలూన్‌తో మొదలెట్టినవాళ్లలో 57.4 శాతానికి జరిగింది. సిర బాగా లేని గుంపులో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. మరుసటి ఏడు బ్రిటన్, స్వీడన్, డెన్మార్క్‌లలో 345 మందితో చేసిన బేసిల్-2 వచ్చింది. ఇందులో అందరికీ మోకాలి కింది ధమనుల్లో వైద్యం అవసరం. మరణం లేదా కాలు కోల్పోవడం బైపాస్ గుంపులో 63 శాతం, బెలూన్ గుంపులో 53 శాతం. తేడా ఎక్కువగా మరణాల్లోనే కనబడింది.

రెండింట్లో ఒకటి తప్పనుకోవక్కర్లేదు. లెక్కపెట్టినవి వేరు: మొదటిది మళ్లీ చేయాల్సి వచ్చిన ప్రొసీజర్లని కూడా కలిపింది, రెండోది కలపలేదు. మనుషులూ వేరు, బ్లాక్ ఉన్న చోటూ వేరు. నాకు వీటి నుంచి అర్థమైంది ఇది: సిర బాగుంటే, మనిషి ఆపరేషన్ తట్టుకోగలిగితే, ఇంకా చాలా ఏళ్లు బతుకుతాడన్న నమ్మకం ఉంటే బైపాస్ వైపు మొగ్గాలి. వయసు పైబడి, గుండె, కిడ్నీలు బలహీనంగా ఉండి, బ్లాక్ మోకాలి కిందే ఉంటే బెలూన్‌తో మొదలుపెట్టాలి. మధ్యలో ఉన్నవాళ్లకి ఎక్కడ పని బాగా తెలిసిన చెయ్యి దొరికితే అదే.

కాబట్టి బెలూన్‌కి సంతకం పెట్టే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న, నా సిరని స్కాన్ చేసి చూశారా అని. డాప్లర్ మెషిన్‌తోనే చేసే పరీక్ష, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. అయినా చాలా ఫైళ్లలో అది కనబడదు. గుండె బైపాస్ అయినవాళ్ల కాలి నుంచి ఆ సిరని అప్పుడే తీసి వాడేసి ఉంటారు. వెరికోస్ వెయిన్స్‌కి లేజర్ చేయించుకున్నవాళ్లకి అదే సిరని మూసేసి ఉంటారు. పాత డిశ్చార్జి సమ్మరీలు పట్టుకెళ్లమనేది అందుకే. ఒక కాలిలో లేకపోతే రెండో కాలిలో, చేతిలో వెతుకుతారు. ఎక్కడా దొరక్కపోతే కృత్రిమ గొట్టం వేస్తారు, మోకాలి కిందికి వెళ్లేకొద్దీ అది సిరలా నిలవదు.

ఇంటికొచ్చాక రెండు దారులూ వేరుగానే ఉంటాయి. బెలూన్ అయితే చాలామందికి గజ్జలో సూదిపోటు, రెండు మూడు రోజుల్లో ఇల్లు. తర్వాత మళ్లీ మూసుకుంటే మళ్లీ వెళ్లాలి. బైపాస్ అయితే పొడవాటి కోత, వారం పైగా ఆసుపత్రి, షుగర్ ఉంటే గాయం మానడానికి వారాలు. బెలూన్‌లో పంపే రంగుమందు కిడ్నీల మీద పడుతుంది. క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్లకి కొన్ని చోట్ల దానికి బదులు కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ వాడి యాంజియోగ్రామ్ చేస్తారు, ఆ వీలుందేమో కనుక్కోండి.

మందు పూసిన బెలూన్లు, కొత్త మాటలు

పాక్లిటాక్సెల్ అనే మందు పూసిన బెలూన్‌కి మామూలు దానికంటే ఖరీదెక్కువ. దాంతో ధమని మళ్లీ మూసుకోవడం తగ్గుతుంది. 2018 చివర్లో వచ్చిన ఒక విశ్లేషణ అది వాడినవాళ్లలో మరణాలు ఎక్కువని చెప్పి గగ్గోలు పుట్టించింది, అమెరికా ఔషధ సంస్థ హెచ్చరిక కూడా జారీ చేసింది. మరింత సమాచారం చూశాక 2023లో, అలాంటి ముప్పుకి ఆధారం లేదని అదే సంస్థ తేల్చింది. కాబట్టి అప్పటి భయం చాలావరకు తగ్గింది. అలాగని అద్భుతమూ కాదు: 2025లో వచ్చిన స్వీడన్ అధ్యయనాల్లో మందు పూసినవాటి వల్ల కాళ్లు తీసేయడం తగ్గలేదు, నడక నొప్పి ఉన్నవాళ్ల జీవన నాణ్యత కూడా మెరుగుపడలేదు. అదనంగా కట్టే డబ్బు దేనికో అడిగి కట్టండి.

షుగర్‌తో పాటు నడక నొప్పి ఉన్నవాళ్లకి సెమాగ్లూటైడ్ అనే షుగర్ ఇంజెక్షన్ ఇస్తే ఏడాదిలో నడిచే దూరం డమ్మీ మందు గుంపు కంటే 13 శాతం దాకా మెరుగైందని 2025లో 792 మందితో చేసిన స్ట్రైడ్ అధ్యయనం చెప్పింది. షుగర్‌కి ఎలాగూ మందు మార్చే ఆలోచనలో ఉంటే మీ డాక్టర్‌తో మాట్లాడాల్సిన విషయమే. మూలకణాల చికిత్స మీద ఆశ చాలా ఉంది గానీ, నెదర్లాండ్స్‌లో 160 మందితో చేసిన ఎముక మజ్జ కణాల అధ్యయనంలో కాళ్లు తీసేయడం తగ్గలేదు. ఇక సెలైన్‌లో మందు ఎక్కించి బ్లాకులు కరిగించేస్తామనే కీలేషన్ ప్యాకేజీలు: డబ్బు దాచుకోండి.

పొగతాగే కుర్రాడి కాలు

వయసు నలభై లోపు, కొలెస్ట్రాల్ మామూలే, బీడీనో జర్దానో అలవాటు, కాలివేళ్లు నల్లబడుతున్నాయి. ఇది బర్జర్స్ జబ్బు అయ్యుండొచ్చు. బ్లాకులు బాగా చివరి ధమనుల్లో ఉంటాయి కాబట్టి బైపాస్ కొత్త దారిని కింద కలపడానికి చోటు దొరకదు, బెలూన్ కూడా అంతగా ఉపయోగపడదు. పొగాకు పూర్తిగా మానడమే వైద్యం. రోజుకి రెండే అంటే కుదరదు, గుట్కాకి మారితే కూడా కుదరదు. పూర్తిగా మానినవాళ్లలో చాలామందికి కాలు నిలుస్తుంది.

హైదరాబాద్‌లో ఎవరి దగ్గరికి, ఎంతలో

కాలి బ్లాక్‌కి బెలూన్‌ని గుండె డాక్టర్లు చేస్తారు, స్కాన్ తెర మీద చూస్తూ గొట్టాలు పంపే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టులు చేస్తారు, రక్తనాళాల ఆపరేషన్లు చేసే వాస్కులర్ సర్జన్లు చేస్తారు. బైపాస్ మాత్రం సర్జన్లే. తనకి వచ్చిన పనినే మొదట సూచించడం మనిషి సహజం, డాక్టర్లూ అందుకు అతీతులు కారు. పడుకున్నా నొప్పి, మానని పుండు ఉన్న రెండో రకం కాలైతే రెండూ చేయగల వాస్కులర్ సర్జన్‌ని ఒక్కసారైనా కలవండి. పంజాగుట్టలోని నిమ్స్‌లో వాస్కులర్ సర్జరీకి ప్రత్యేక విభాగం ఉంది. పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లో చాలావాటిలో వాస్కులర్ సర్జన్లు ఉన్నారు. సెకండ్ ఒపీనియన్‌కి ఫైలు ఇవ్వమంటే డాక్టర్ ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు, యాంజియోగ్రామ్ సీడీ మీదే.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. మీకు చెప్పిన ప్రొసీజర్ అందులో వస్తుందా, ఆ ఆసుపత్రికి ఆ విభాగంలో అనుమతి ఉందా అని ఆరోగ్యమిత్రని అడగండి, అడ్మిషన్‌కి ముందే. 2017లో కేంద్రం ధర కట్టడి చేసింది గుండె స్టెంట్లకే. కాలికి ఎన్ని బెలూన్లు, ఎన్ని స్టెంట్లు వాడొచ్చు, ఒక్కోటి ఎంత అన్నది కాగితం మీద రాయించుకోండి. బెలూన్ ఎంచుకుంటే, మళ్లీ మూసుకుపోయినప్పుడు చేతిలో ఎంత మిగులుతుందో కూడా అప్పుడే లెక్కేసుకోవాలి.

ఇదంతా కూర్చుని ఆలోచించుకునే వ్యవధి ఉన్న కాళ్ల గురించి. నిన్నటిదాకా బాగున్న కాలు ఉన్నట్టుండి భరించలేని నొప్పితో తెల్లబడి, చల్లబడి, తిమ్మిరెక్కి, వేళ్లు కదలడం లేదంటే అది గడ్డ అడ్డుపడిన కాలు. ఉన్న వ్యవధి దాదాపు ఆరు గంటలు. మర్దన చేయొద్దు, తెల్లవారనిద్దాం అనుకోవద్దు. 108కి ఫోన్ చేసి, వాస్కులర్ సర్జన్ అందుబాటులో ఉన్న ఆసుపత్రికే నేరుగా తీసుకెళ్లమనండి.